ముందు దీపాలు కొనుక్కో, తల్లీ

చిట్టితల్లీ,

"పెద్దమ్మా, రెండు వేల రూపాయల్లో క్రిస్మస్ చెట్టు అందంగా పెట్టగలమా, లేక ఈ ఏటికి గుమ్మం ముందు స్టారొక్కటి కట్టి ఊరుకోమంటావా" అని అడిగావు కదా. ఫోనులో చెబితే సగం నీకు వినపడదు, సగం నేను మర్చిపోతాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. పెట్టగలరు. రెండు వేలు ఎక్కువే. కొత్త కాపురం, మీ ఇద్దరూ మీ సొంత చేతులతో చేసుకునే మొదటి క్రిస్మస్. స్టారుతో ఊరుకోవద్దు. చెట్టు పెట్టండి.

అయితే ముందు ఒక మాట. ఆ రెండు వేలు జీతంలోంచి పక్కన పెట్టినవై ఉండాలి. కార్డు మీద గీకి, వాయిదాల్లో కొని, ఫిబ్రవరిలో కూడా డిసెంబరు బాకీ తీర్చుకుంటూ కూర్చోవద్దు. అప్పుచేసి పప్పుకూడు మన ఇంటా వంటా లేదు. మీ ఆఫీసు వాళ్ళ ఇళ్ళల్లో ఏడడుగుల చెట్లు చూసి ఉంటావు, మాల్‌లో మూడంతస్తుల చెట్టు చూసి ఉంటావు. వాటితో మీ చెట్టును పోల్చుకోకు. మాల్‌లో చెట్టు దూరాన ఎస్కలేటరు మీద నిలబడ్డ మనిషికి కనపడాలని కట్టింది. మీ చెట్టును చూసేవాళ్ళు నాలుగడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని టీ తాగుతూ చూస్తారు. అంత దగ్గరగా చూసే వస్తువుకు పరిమాణం అక్కర్లేదు, పనితనం కావాలి. పనితనం నీ చేతుల్లో ఉంది. నువ్వు పదో తరగతిలో కుట్టిన దిండు గలీబు ఇప్పటికీ నా మంచం మీదే ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. అందరూ ముందు బంతులు కొంటారు. బంగారు రంగువి, వెండి రంగువి, డజన్ల లెక్కన. దీపాలు చివర్లో గుర్తొస్తాయి. అప్పటికి డబ్బు అయిపోయి, దొరికిన చవక సెట్టు ఒకటి పైపైన చుట్టేసి అయిందనిపిస్తారు. నువ్వు దీన్ని తిరగెయ్యాలి. మెరుపు బంతిలో ఉండదమ్మా. ఎంత ఖరీదైన బంతినైనా చీకటి మూలన పెట్టి చూడు, నల్లగా ఉంటుంది. మెరిసేది వెలుతురు. బంతి, కాగితం, గాజు, ఏదైనా సరే, ఆ వెలుతురును అందుకుని మన కంటికి చేరవేస్తుంది, అంతే. అందుకని నీ రెండు వేలల్లో సగం, అంటే వెయ్యి రూపాయలు, దీపాలకూ మంచి ప్లగ్గు బాక్సుకూ తీసి పక్కన పెట్టు. చెట్టుకు ఐదు వందలు. అద్దం బిళ్ళలు, కాగితాలు, దారాలకు రెండు వందలు. మిగిలిన మూడు వందలూ క్యారల్స్‌కి వచ్చే పిల్లలకు కేకుముక్క, టీ ఇవ్వడానికి. ఆ మూడు వందలను మాత్రం అలంకరణకు వాడకు.

హైదరాబాదులో ఉన్న మీకు మెదక్ ఎంతో దూరం లేదు, వంద కిలోమీటర్ల లోపే కదా. డిసెంబరులో ఒక ఆదివారం ఇద్దరూ వెళ్ళి ఆ పెద్ద చర్చి చూసి రండి. కరువు కాలంలో జనానికి పనీ కూడూ దొరకాలని మిషనరీ పోస్నెట్ అయ్యగారు తలపెట్టి కట్టించిన గుడి అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అక్కడ రంగుటద్దాల కిటికీల్లో ఒకదానిలో యేసు పుట్టుక ఉంటుంది. పొద్దుటి పూట వెళ్ళి చూడు, ఆ నీలాలూ ఎరుపులూ మండుతున్నట్టు ఉంటాయి. చీకటి పడ్డాక లోపలినుంచి చూస్తే అవే అద్దాల్లో బొమ్మ పోల్చుకోవడం కూడా కష్టం. గాజు అదే, రంగు అదే, వెనకనుంచి వచ్చే వెలుతురు లేదు, అంతే తేడా. అది ఒకసారి కళ్ళతో చూశావంటే నేను ఇక్కడ చెప్పేదంతా నీకు ఇట్టే అర్థమవుతుంది.

చెట్టు సంగతి. మన బాపట్ల, చీరాల వైపు క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. తీరం పొడుగునా ఇసుక నేలల్లో సరుగుడు తోటలు. మానులు పందిళ్ళకూ కాగితం మిల్లులకూ పోతాయి, చివరి కొమ్మలు అడిగితే ఇస్తారు. దాన్ని తడి ఇసుక నింపిన బకెట్లో పాతి, చుట్టూ ఇటుక ముక్కలు బిగించి నిలబెడతాం. సన్నటి ఆకు, గాలికి ఊగే కొమ్మ, లోపల దీపం పెడితే ఒళ్ళంతా వెలుగే. కానీ అది కోసిన వారానికే ఎండి రాలడం మొదలెడుతుంది. హైదరాబాదు దాకా తెచ్చుకోవడం వృథా ప్రయాస. మీకది వద్దు.

మీ నర్సరీల్లో "క్రిస్మస్ ట్రీ" అని కుండీలో అమ్మే మొక్క ఉంటుంది. దాని పేరు అరకేరియా. మన కడియం నర్సరీల వాళ్ళు కూడా పెంచి అమ్ముతుంటారు. కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా చుట్టూ చాపినట్టు ఉంటాయి. రెండడుగుల మొక్క తెచ్చుకో. పొడుగాటి మొక్క కోసం ఆశపడకు. పొట్టి మొక్కను స్టూలు మీద పెట్టి, స్టూలును పాత చీరతో కప్పితే నిలువెత్తు కనపడుతుంది. పైగా అది బతికిన మొక్క, వచ్చే ఏటికి ఇంకాస్త ఎదుగుతుంది. పండగ దాటేదాకా ఇంట్లో ఉంచి మళ్ళీ బాల్కనీలో వెలుతురు తగిలేచోట పెట్టెయ్. ఎట్టి పరిస్థితుల్లోనూ దాని తలకొన తుంచకు. తుంచితే మళ్ళీ ఆ ఆకారం రాదు. కొమ్మలు లేతవి కాబట్టి బరువైనవేవీ వేలాడదీయకు. నేను చెప్పబోయేవి చాలావరకు తేలికపాటివే.

ప్లాస్టిక్ చెట్టు కొనాలని అబ్బాయికి ఉంటే కాదనకు. కానీ డిసెంబరు 20న కొనొద్దు. పండగ వెళ్ళాక దుకాణాల్లో ధరలు దిగుతాయి, అప్పుడు కొని దాచుకోండి. కొన్నాక ఏళ్ళ తరబడి వాడాలి, ఏటేటా పారేసి కొత్తది తెచ్చేట్టయితే అసలు వద్దు. ఇవేవీ కుదరకపోతే ఐదారు ఎండుపుల్లలు తీసుకుని, పొడుగుది కిందికి, పొట్టిది పైకి వచ్చేలా రెండు పురికొసలకు నిచ్చెనలా కట్టి గోడకు వేలాడదీస్తే అదీ చెట్టే. దానికి దీపాలు చుడితే నిజం చెబుతున్నాను, ఇరుకు గదిలో అంతకన్నా సొగసైనది ఉండదు.

ఇప్పుడు దీపాలు. ఎల్‌ఈడీ సీరియల్ సెట్లు రెండు తీసుకో. దీపావళికి మిగిలినవి ఇంట్లో ఉంటే ఒకటి చాలు. తెల్లటి నీలం వెలుతురు వద్దు, అది ఆస్పత్రి వరండాలా ఉంటుంది. పసుపు కలిసిన తెలుపు అడుగు, వార్మ్ వైట్ అంటే ఇస్తారు. రంగురంగుల సెట్లు పిల్లలకు నచ్చుతాయి గానీ, ఎర్రబల్బు పక్కన ఆకుపచ్చ కాగితం కడితే రెండూ చెడతాయి. దీపం ఒకే రంగైతే మిగతా అలంకరణ ఎన్ని రంగులదైనా చెల్లుతుంది. తీగ ఆకుపచ్చదైతే ఆకుల్లో కలిసిపోతుంది. దుకాణంలోనే వెలిగించి చూపించమను. సెట్టు పొడుగంతా విప్పించి ఒక్కో బల్బూ చూసుకో, మొహమాటపడకు. బీఐఎస్ గుర్తు ఉందో లేదో చూడు. బేగంబజారు దాకా వెళ్ళగలిగితే అక్కడ ఇవీ, తర్వాత చెప్పే అద్దం బిళ్ళలూ, దారాలూ అన్నీ ఒక్క తిరుగుడులో అయిపోతాయి.

కరెంటు బిల్లు గురించి మీ అత్తగారు బెంగపడితే ఈ లెక్క చెప్పు. 10 వాట్ల సెట్టును రోజుకు 5 గంటల చొప్పున 20 రోజులు వెలిగించినా కాలేది 1 యూనిట్ మాత్రమే.

చుట్టడంలోనే ఉంది కిటుకంతా. అందరూ చెట్టు బయట గుండ్రంగా, పందిరి గుంజకు తోరణం చుట్టినట్టు చుడతారు. అలా చేస్తే దీపాలు కళ్ళల్లో పొడుస్తాయి, చెట్టు లోపల చీకటిగా బోలుగా కనపడుతుంది. నువ్వు ముందు కాండాన్ని కిందనుంచి పైదాకా చుట్టు. తర్వాత రెండో సెట్టుతో ప్రతి కొమ్మ మీదా సగం దూరం వెళ్ళి వెనక్కి రా, మళ్ళీ పక్క కొమ్మకు వెళ్ళు. కొమ్మల చివర్లకు దీపం వద్దు. అప్పుడు వెలుతురు లోపలినుంచి బయటికి వస్తుంది. బయట వేలాడే ప్రతి వస్తువుకూ వెనకనుంచి వెలుగు తగులుతుంది. మెదక్ కిటికీ అన్నాను చూడు, అదే ఇది. సెట్టు మీద చిన్న డబ్బా ఉంటుంది, మీట నొక్కితే రకరకాలుగా ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. దాన్ని నిలకడగా వెలిగేట్టు పెట్టెయ్. టపటపా కొట్టుకునే దీపాలతో పావుగంటకే కళ్ళు నొప్పెడతాయి, మీ మామగారికి కళ్ళ ఆపరేషను అయింది కూడా.

మెరుపు కోసం దీపం కదలక్కర్లేదు, వేలాడే వస్తువు కదిలితే చాలు. విద్యుద్దీపాలు పెట్టిన మొదటి క్రిస్మస్ చెట్టు 1882లో న్యూయార్కులో వెలిగింది. ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ అనే ఆయన ఎరుపు, తెలుపు, నీలం రంగుల చిన్న బల్బులు 80 కట్టి, చెట్టు మొత్తం మెల్లగా తిరిగేట్టు ఏర్పాటు చేశాడట. మనకు అంత యంత్రం ఎందుకు, సీలింగు ఫ్యాను ఉంది. ఒకటో నంబరులో పెడితే చాలు, సన్నదారానికి వేలాడే తేలికపాటి వస్తువులన్నీ తమంతట తాము తిరుగుతాయి. తిరిగినప్పుడల్లా ఒక్కో వైపు తళుక్కుమంటుంది. అందుకని ఏది వేలాడదీసినా ఒంటి దారంతో, వేలెడు పొడుగు వదిలి కట్టు. కొమ్మకు అంటించినట్టు బిగించి కట్టకు.

ఏం వేలాడదీయాలి అంటావా. నేనైతే వస్తువులను వెలుతురుతో వాటికున్న సంబంధాన్ని బట్టి చూస్తాను. కొన్ని వెలుతురును తిప్పికొడతాయి, కొన్ని తమలోంచి పోనిస్తాయి.

తిప్పికొట్టేవాటిలో రాణి అద్దం బిళ్ళ. జాకెట్ల మీద కుట్టుకునే చిన్న గుండ్రటి అద్దాలు ప్యాకెట్టుగా అమ్ముతారు. మన లంబాడీ ఆడవాళ్ళ బట్టల మీద ఎండ పడితే ఎలా ఉంటుందో చూశావు కదా. రెండు బిళ్ళలను వీపులు కలిపి, మధ్యలో దారం పెట్టి, జిగురుతో అంటించు. ఒక్కో దారానికి నాలుగు నాలుగు, అంగుళం దూరంలో. ఇలాంటి దారాలు డజను కట్టావంటే గది గోడల మీద వెలుగు చుక్కలు తిరుగుతుంటాయి. ఇంత చవగ్గా ఇంత మెరుపు ఇంకెందులోనూ రాదు. తర్వాత గాజులు. నీ పెళ్ళిలో వేసుకున్న వాటిలో జత తప్పినవి ఉంటాయి. రెండు గాజులను ఒకదానిలో ఒకటి అడ్డంగా దూర్చి దారంతో కట్టు, బోలు గోళంలా వస్తుంది. మధ్యలో ఒక పూసో అద్దం బిళ్ళో వేలాడదీయి. మీ ఊళ్ళో లాడ్ బజారు లక్కగాజులు రాళ్ళతో మెరిసిపోతాయి గానీ బరువు ఎక్కువ, వాటిని కాండం దగ్గరి కొమ్మలకే కట్టు. చిప్స్ ప్యాకెట్లు తిరగేస్తే లోపల వెండిలా ఉంటుంది. సబ్బుతో కడిగి తుడిచి, సన్నగా కుచ్చులా కత్తిరిస్తే దుకాణంలో అమ్మే తళుకు తోరణానికి ఏమాత్రం తీసిపోదు. అది మాత్రం ఉచితం.

పొడి చమ్కీ కొనకు. మొదటి రోజు బాగానే ఉంటుంది, ఆ తర్వాత నేల మీద, పరుపు మీద, అన్నంలో. పక్కింటి పసివాడు చెయ్యి కంట్లో పెట్టుకున్నాడంటే ఇక చూసుకో.

తమలోంచి వెలుతురును పోనిచ్చేవి నాకు ఇంకా ఇష్టం. సంక్రాంతి దగ్గరపడుతుంది కాబట్టి డిసెంబరులో మీ ఊళ్ళో పతంగుల కాగితం దొరుకుతుంది. ధూల్‌పేట వైపు పతంగులు కట్టేవాళ్ళ దగ్గర ఇంకా చవక. ఆ పల్చటి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కత్తెరతో చుక్కలు, పువ్వులు కత్తిరించు. పసుపు దాని మీద నీలం వేసి అంటిస్తే, దీపం ముందు పెట్టినప్పుడు రెండూ కలిసిన చోట ఆకుపచ్చ పుడుతుంది. ఎరుపు మీద పసుపు వేస్తే నారింజ. పగలు చూస్తే మామూలు కాగితం, దీపం వెలిగిస్తే వేరే సంగతి. వీటిని సరిగ్గా ఒక్కో బల్బు ముందుకు వచ్చేట్టు కట్టాలి, పక్కకు కడితే పని చెయ్యవు. ఎల్‌ఈడీ బల్బు పెద్దగా వేడెక్కదు కాబట్టి కాగితం దగ్గరగా ఉన్నా ఇబ్బంది లేదు. పాత రకం ఫిలమెంటు బల్బుల సెట్టు మీ ఇంట్లో ఉంటే దాన్ని కాగితాల దగ్గరికి రానీకు.

కమలాపళ్ళ కాలం కదా, నాలుగు పళ్ళు గుండ్రటి చక్రాలుగా పల్చగా కోసి, మేడ మీద జల్లెట్లో పల్చటి గుడ్డ కప్పి నాలుగైదు ఎండలు పెట్టు. బత్తాయి అయినా పనికొస్తుంది. పూర్తిగా ఎండితే తొనల గీతలన్నీ కనపడుతూ, దీపం ముందు తేనె రంగులో వెలుగుతాయి. గదికి మంచి వాసన కూడా. తడి ఏమాత్రం మిగిలినా చీమలు పడతాయి, బూజు వస్తుంది, కాబట్టి తొందరపడకు.

లేసు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నరసాపురం లేసు నీకు తెలుసు, మీ అమ్మ పెట్టెలో బల్లగుడ్డ ఉంది. 19వ శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పిన క్రోషా అల్లిక అది. గోదావరి జిల్లాల్లో వేలమంది ఆడవాళ్ళ చేతిపని అయింది. వాళ్ళు అల్లిన చుక్కలూ గంటలూ సముద్రాలు దాటి పరాయి దేశాల క్రిస్మస్ చెట్లకు ఎక్కుతుంటాయి. దీపం ముందు వేలాడదీస్తే ఆ అల్లిక నీడ గోడ మీద పెద్దగా పరుచుకుంటుంది. చినిగిన పాత లేసు ముక్క ఉంటే గంజిపెట్టి, ఆరబెట్టి, పువ్వుల వరకూ కత్తిరించి వాడు. కొత్తది కొంటే మాత్రం బేరమాడకమ్మా. ఆ అల్లే ఆడవాళ్ళ చేతికి ఎంత తక్కువ కూలి ముడుతుందో చెబుతూ మరియా మీస్ అనే ఆవిడ 1982లోనే ఒక పుస్తకం రాసింది. మనం పొదుపు చెయ్యాల్సింది మన ఆర్భాటంలో, వాళ్ళ కూలిలో కాదు.

మెరవనివి కూడా కొన్ని ఉండాలి. అన్నీ మెరిస్తే కన్ను ఎక్కడా నిలవదు. ఏటికొప్పాక లక్కబొమ్మ ఒకటి, చిన్న గంటో పక్షో. అంకుడు కర్రతో చేస్తారు, తేలిగ్గా ఉంటుంది. ఏడాదికి ఒక్కటే కొనుక్కో, అడుగున ఆ సంవత్సరం రాసిపెట్టు. మైదా రెండు కప్పులు, ఉప్పు ఒక కప్పు, నీళ్ళు ఇంచుమించు ఒక కప్పు కలిపి చపాతీ ముద్దలా చేసి, వత్తి, సీసామూతతోనో స్టీలు గ్లాసు అంచుతోనో బిళ్ళలు కోసి, దారానికి బెజ్జం పెట్టి ఎండబెడితే గట్టి బిళ్ళలు వస్తాయి. ఉప్పు గాలిలో తేమ పీల్చుకుంటుంది, అందుకని ఎండాక వార్నిష్ ఒక పూత వెయ్యాలి. మా తీరంలో అయితే రెండు పూతలు. పత్తికాయలు పగిలి దూది బయటికొచ్చినవి కొమ్మతో సహా దొరికితే బాగుంటాయి, గుంటూరు, పల్నాడు చేలల్లో ఇదే పత్తి తీత కాలం. అయితే దూది అంటే నిప్పుకు చుట్టం. అగరొత్తులు, కొవ్వొత్తులు వెలిగించే బల్లకు దూరంగా పెట్టు. చెట్టంతా దూది పరిచి మంచు అనిపించే పని మాత్రం వద్దు. మనకు మంచు కురవదు, బేత్లెహేమును గుర్తుచెయ్యడానికి అది అవసరమూ లేదు. ఇంకొకటి, ఎర్రగా నల్లగా చక్కగా ఉన్నాయని గురివింద గింజలు గుచ్చకు. నమిలితే విషం, ఇంటికి చిన్నపిల్లలు వస్తారు.

పూలు మర్చిపోకు. డిసెంబరులో చామంతి పుష్కలం, ఊదారంగు డిసెంబరు పూలు కూడా. ఇరవై నాలుగో తేదీ సాయంత్రం రెండు మూరల చామంతిమాల తెచ్చి చెట్టు మొదట్లో, కుండీ చుట్టూ వేస్తే బయటి దేశాల చెట్టు మన ఇంటి చెట్టు అయిపోతుంది. ఏ పత్రికలోనూ ఇది చూసి ఉండవు. నా మాట విని ఒకసారి చేసి చూడు.

కట్టే వరస ఇది. ముందు దీపాలు చుట్టి, వెలిగించి, గదిలో ట్యూబులైటు ఆర్పెయ్. దీపాలు వెలుగుతుండగానే మిగతావి కట్టాలి, అప్పుడే ఏది ఎక్కడ పలుకుతుందో తెలుస్తుంది. కాగితం, కమలా చక్రాలు బల్బుల ముందు. అద్దాలు, తేలికపాటి గాజులు కొమ్మల చివర్లకు. బొమ్మలు ఖాళీ కనపడిన చోట. వెండి కుచ్చులు అన్నిటికన్నా చివర, అదీ కొంచెం. ప్రతి ఐదారు వస్తువులకూ ఒకసారి లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూడు. ఖాళీ కొంత మిగిలితే మిగలనియ్, వచ్చే ఏటివి వేలాడదీయడానికి చోటు కావద్దూ. పండగ రోజుల్లో సాయంత్రం పూట ఆ గదిలో ట్యూబులైటు వెయ్యకండి. మూలన చిన్న పసుపు బల్బు చాలు. బీరువా అద్దానికి ఎదురుగానో పక్కగానో చెట్టు పెట్టగలిగితే ఒక్క పైసా ఖర్చు లేకుండా దీపాలు రెట్టింపవుతాయి.

బంతులు కొనలేకపోయానే అని మనసులో ఎక్కడైనా చిన్నబుచ్చుకుంటావేమో. పూర్వం జర్మనీలో చెట్టుకు కట్టింది యాపిల్ పళ్ళు, కాయలు, ఇంట్లో చేసిన బిస్కెట్లు. లౌషా అనే గాజుపని ఊళ్ళో పేద పనివాడొకడు పళ్ళు కొనే స్తోమత లేక, తన కొలిమిలో గాజుతోనే పళ్ళు ఊది చెట్టుకు కట్టాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. కథలో నిజం ఎంతున్నా, గాజు బంతులు ఆ ఊరినుంచే ప్రపంచమంతా పాకాయి. చేతిలో ఉన్నదానితో చేసుకోవడమే దీని పుట్టుక తల్లీ. నువ్వు చేసేది అసలైన పద్ధతే.

పిల్లల సంగతి. మీ అంతస్తులో ముగ్గురో నలుగురో ఉన్నారన్నావు, వాచ్‌మన్ కూతురు కూడా ఉంది. ఒక శనివారం మధ్యాహ్నం అందరినీ పిలిచి పతంగుల కాగితం, మొద్దు కత్తెరలు ఇవ్వు. ఎవరు కత్తిరించింది వాళ్ళ పేరు రాసి, వాళ్ళ ఎత్తులోనే కట్టనియ్. వంకరగా ఉన్నాయని తర్వాత సర్దకు. ధనుర్మాసం మొదలవుతుంది, ఎదురింటావిడ తెల్లారగట్టే ముగ్గు వేస్తుందన్నావుగా. ఆవిడ పిల్లలూ వస్తారు. ఆవిడ నీకు చక్కెరపొంగలి పంపుతుంది, నువ్వు కేకు పంపుతావు. చెట్టు పెట్టుకునేది తలుపు వేసుకుని మనం చూసుకోవడానికి కాదు. సంఘం వాళ్ళు క్యారల్స్‌కి రాత్రి ఎంత పొద్దుపోయి వచ్చినా విసుక్కోకండి. వాళ్ళు పాడేటప్పుడు గదిలో దీపాలన్నీ ఆర్పి చెట్టు ఒక్కటే వెలగనివ్వండి.

చెట్టు కింద పశువుల పాక పెట్టుకుంటే కొండపల్లి ఆవులు, పల్లెటూరి మనుషులు చక్కగా అమరుతారు. గొల్లలు మన గొల్లల్లా తలపాగాతో ఉంటే తప్పేముంది. బాలయేసును మాత్రం ఇరవై నాలుగు రాత్రి ఆరాధన నుంచి వచ్చాక తొట్టెలో పడుకోబెట్టండి, అప్పటిదాకా తొట్టె ఖాళీగానే ఉండనియ్.

జాగ్రత్తలు చెప్పకుండా వదలను. ఒకే ప్లగ్గులో మూడు సెట్లు గుచ్చకు. తీగ తెగితే మెలిపెట్టి వదిలెయ్యకు, ఇన్సులేషన్ టేపు చుట్టు, లేదా ఆ సెట్టు మానెయ్. మొక్కకు నీళ్ళు పోసేముందు స్విచ్చి ఆపాలి. కిటికీ తెర చెట్టుకు తగలకూడదు. బాల్కనీలో స్టారు కూడా కడితే అందులో ఎల్‌ఈడీ బల్బే పెట్టండి. వెనకటిలా 60 వాట్ల బల్బు పెడితే కాగితం కమిలిపోతుంది, ఇంకా ఘోరం కూడా జరగొచ్చు. రాత్రి పడుకునేముందు అన్నీ ఆర్పాలి, "తెల్లారేదాకా వెలగనీ" అని అబ్బాయి ముచ్చటపడినా సరే.

తీసేటప్పుడు జనవరి 6 దాటనివ్వు. దీపాల తీగను చేతికి చుట్టి ముడేసి పెట్టెలో పడెయ్యకు, అట్టముక్క మీద వరసగా చుట్టి చివర్లో ప్లగ్గు బయటికి ఉంచు. అద్దాల దారాలు ఒక్కోటీ విడిగా కాగితంలో. కమలా చక్రాలు దాచకు, పారెయ్. మైదా బిళ్ళలను నాలుగు బియ్యపు గింజలతో డబ్బాలో వేసి మూత బిగించు.

ఆర్టీసీ కార్గోలో ఒక అట్టపెట్టె పంపిస్తున్నాను, శుక్రవారానికి అందుతుంది. అందులో నా జత తప్పిన గాజులున్నాయి, పగలకుండా పాత గద్వాల చీరలో చుట్టాను. ఆ చీర స్టూలు కప్పడానికే, మళ్ళీ పంపొద్దు. లేసు ముక్కలు గంజిపెట్టి ఉన్నాయి, తడపకు. ఎడంవైపు డబ్బాలో అరిసెలు మీ మామగారివి, అద్దం బిళ్ళలకని జిగురు కూడా పెట్టాను. పెట్టె నిలువుగా ఎత్తవద్దని అబ్బాయికి చెప్పు. మీ ఇద్దరికీ నా దీవెనలు.

మీ పెద్దమ్మ